నేరేడు తొర్రలో నా కేక

చెట్టు తొర్రలో తలకాయ పెట్టడం నా వృత్తి. నవ్వితే నవ్వండి గాని, ఇరవై ఏళ్ళు ఆ పనితోనే ఇంత తిన్నాను, చివరికి ఆ పనితోనే పోబోయాను. పోలేదు కాబట్టి రాస్తున్నాను. నాకు వైద్యం చేసిన డాక్టరమ్మ, నోటితో చెప్పే కబుర్లన్నీ కాయితం మీద పెడితే ఇంకో తలనొప్పి మనిషికి పనికొస్తాయంది. నేను ఆరో తరగతి గడప దాటలేదు. కలాన్ని కూడా గొడ్డలి పట్టుకున్నట్టే పట్టుకుంటాను. తప్పులుంటే చెట్ల మీదకి తోసెయ్యండి, అవేమీ అనుకోవు.

మాది బందరు. నిలువు చెట్లు బేరమాడి, కొట్టించి, గుడివాడలో కోత మిల్లుకీ, బందరు రేవులో పడవలు కట్టే వడ్రంగులకీ వేస్తాను. ఈ వ్యాపారంలో పైకి కనబడేది చెట్టు, లోపలుండేది మన రాత. పైన బెరడు చూసి మురిసిపోయి కొన్నామా, రంపం పెట్టాక లోపలంతా డొల్ల. అందుకని మావాళ్ళు గొడ్డలి తిరగేసి మాను మీద కొట్టి చప్పుడు వింటారు. నాకది చాలేది కాదు. తొర్ర దగ్గరకెళ్ళి, తల లోపలికి దూర్చి, గుండెల నిండా గాలి పీల్చి, "ఓ మావయ్యా" అని కేకేసేవాణ్ణి. కేక తిరిగొచ్చే తీరుని బట్టి డొల్ల మొదలు దాకా దిగిందో, మధ్యలో ఆగిందో చెప్పేవాణ్ణి. తర్వాత లోపలున్న పుచ్చు పొడి పిడికెడు తీసి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకునేవాణ్ణి. పుల్లటి వాసన వస్తే పుచ్చు ఇంకా పాకుతోందని లెక్క, మట్టి వాసన వస్తే ఆగిందని లెక్క. నందివాడ నుంచి తోట్లవల్లూరు దాకా ఈ విద్య నాదొక్కడిదే. రైతులు చూడ్డానికి పోగయ్యేవాళ్ళు. వెనకాల నన్ను తొర్ర ఏడుకొండలు అనేవాళ్ళని తెలుసు. ముందుకొచ్చి అన్నవాడితో, "తొర్ర గారు అనవయ్యా, పెద్దవాణ్ణి" అనేవాణ్ణి.

దివిసీమలో నాగాయలంక దాటాక ఒక కాలవ గట్టు మీద నేరేడు చెట్టుంది. కుర్రతనంలో దాన్ని కొందామని వెళ్ళాను. రెండు నిలువుల ఎత్తున, మాను చీలే చోట ఇంత తొర్ర. నిచ్చెన వేసుకుని ఎక్కి, తల పెట్టి కేకేశానో లేదో, కిందనుంచి ఎవరో నా కాలు పట్టుకు లాగారు. పక్క చేలోంచి పరిగెత్తుకొచ్చిన పెద్దాయన. రొప్పుతూ, "దిగు. అందులో మా పిల్లుంది" అన్నాడు. నేను మళ్ళీ తొంగి చూశాను. లోపల ఒక తొండ తప్ప పిల్లా లేదు, జెల్లా లేదు.

ఆయన చెప్పింది పాత సంగతి. ఉప్పెన నీళ్ళు ఇంటి మీదకి వచ్చినప్పుడు ఆయన తొమ్మిదేళ్ళ కూతుర్ని చంకనేసుకుని ఆ చెట్టెక్కి, ఆ తొర్రలోకి కూరాడు. పంచె విప్పి తనని చెట్టుకి కట్టుకుని, తొర్రకి వీపు అడ్డం పెట్టి నిలబడ్డాడు. నేరేడు కొమ్మని నమ్మకూడదని మా వైపు పాకే పిల్లకి కూడా తెలుసు, పుటుక్కున విరుగుతుంది. ఆ రోజు ఊళ్ళో గట్టి గట్టి చెట్లు వేళ్ళతో సహా పోయాయి. ఈ పెళుసు చెట్టు నిలబడింది. తెల్లారేసరికి ఆయన వీపు మీద చర్మం బెరడుకి అంటుకుపోయింది. లోపల పిల్ల మాత్రం పొడిలో మునగదీసుకుని ఉంది. ముక్కులో, నోట్లో, జుట్టులో అంతా కాఫీ రంగు పొడి.

ఆయన చెట్టు బేరానికి లేదన్నాడు. రెండేళ్ళ తర్వాత పిల్లనిచ్చాడు. ఆ పిల్లే నాగమణి, నా భార్య.

మావయ్య పోయాక కూడా, అత్తగారింటికి వెళ్ళినప్పుడల్లా నేను నిచ్చెనెక్కి ఆ తొర్రలోకి ఫిర్యాదులు చెప్పేవాణ్ణి. "మావయ్యా, మీ అమ్మాయి నన్ను పప్పులో ఉప్పంత చూడట్లేదు" అంటే, తొర్ర సగం మాట తిరిగి అనేది. కింద నాగమణి పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ నవ్వు కోసమే ఎక్కేవాణ్ణని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

నేను జబ్బుపడ్డ ఏడు, వేసవిలో అత్తయ్య ఒక పని చెప్పింది. తొర్ర నిండా పుచ్చు పొడి చేరింది, వానలకి నీళ్ళు పట్టి చెట్టు కుళ్ళిపోతుందేమో, ఖాళీ చెయ్యి నాయనా అంది. చెట్ల సంగతి నాకు చెప్పాలా. పూటంతా తల లోపలే పెట్టుకుని, రెండు చేతులతో గోకి, మూడు తట్టల పొడి తీశాను. కళ్ళ నిండా, ముక్కు నిండా అదే. తుమ్ముతూనే, "మావయ్యా, ఇల్లూడుస్తున్నాను, కాస్త కాళ్ళు పైకి పెట్టుకో" అని పరాచికాలాడాను. ఆ పొడి తీసుకెళ్ళి మల్లె పాదుల్లో పోశాం. మల్లెలు విరగబూశాయి. ఆ మాట కూడా రాయాలి, చెట్టుకి అన్యాయం చెయ్యకూడదు.

శ్రావణమాసంలో తలనొప్పి మొదలైంది. మెడ వెనక పుట్టి, నడినెత్తికెక్కి, కళ్ళ వెనక కూర్చునేది. ముందు శొంఠి పట్టు వేసింది నాగమణి. తర్వాత దిష్టి తీసింది. గుడివాడలో కళ్ళజోడు కొనుక్కున్నాను. కళ్ళజోడుతో నొప్పి తగ్గలేదు గాని మిల్లులో అందరూ మేష్టారూ అని పిలవడం మొదలెట్టారు. చదువుకోనందుకు ఆ మాత్రం దక్కిందని నెల రోజులు ఆ కళ్ళజోడు మొయ్యడం మొయ్యడమే.

డాక్టర్ల దగ్గరకి వెళ్ళలేదనుకోకండి. ఒకాయన సైనస్ అన్నారు, ఒకాయన టైఫాయిడ్ అన్నారు. వాళ్ళ తప్పు లేదు, నేనూ పైన బెరడు చూసి చెట్లు కొన్నవాణ్ణే. ఇది అట్టాంటి జబ్బు, లోపల పని కానిస్తూ పైకి మామూలు జ్వరంలా కూర్చుంటుంది. మాత్ర వేసుకుంటే రెండు పూటలు ఊరుకునేది.

భాద్రపదం వచ్చేసరికి వెలుతురు పడలేదు. పగలు తలుపులేసుకుని తువ్వాలు కళ్ళ మీద వేసుకుని పడుకునేవాణ్ణి. తిన్నది నిలిచేది కాదు. ఒకనాడు తువ్వాలు తీసి చూస్తే గుమ్మంలో ఇద్దరు నాగమణులు నిలబడి ఉన్నారు. "ఒక్కదానితోనే వేగలేకపోతున్నాను, దేవుడు ఇంకొకత్తెని పంపాడా" అన్నాను. అది నవ్వుతుందనుకున్నాను. కొంగుతో మొహం తుడుచుకుని లోపలికెళ్ళింది. నా మాటకి నాగమణి నవ్వకపోవడం అదే మొదలు. అప్పుడు భయమేసింది నాకు. ఆ పూటే కారు మాట్లాడించి బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది.

ఆసుపత్రి వసారాలో ఇనప కుర్చీల వరస. ట్యూబులైటు ఒకటి కొట్టుకుంటూ ఉంది, దాని ప్రతి కొట్టుకీ నా తలలో గొడ్డలి పడుతోంది. మా చీటీ ఇరవై మంది తర్వాత. పక్కన ఒకావిడ, ఒళ్ళో జ్వరంతో పిల్లనేసుకుని ఉంది. నన్ను చూసి, తన చీర కొంగు విప్పి నా మొహం మీద నీడలా పట్టుకుంది. తన వంతు రాగానే, "ముందు ఈయన్ని చూడండమ్మా, మా పిల్ల ఆగుద్ది" అంది. ఆవిడది ఏ ఊరో, ఆ పిల్ల తర్వాత ఎట్టా ఉందో అడగలేదు. ఇప్పటికీ నాగమణి దేవుడికి దండం పెట్టేటప్పుడు ఆ పిల్లని కలుపుతుంది. పేరు తెలీదు గనక ఇనప కుర్చీ పిల్ల అంటుంది.

మా డాక్టరమ్మ పొట్టి మనిషి, చిన్న వయసు, మాట మెత్తన. నన్ను పక్కకి తిప్పి, మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు ముడిచి పడుకోబెట్టించి, వెన్నులో సూది గుచ్చి నీళ్ళు తీసింది. అదేదో చావులా ఉంటుందని పక్క మంచాలవాళ్ళు భయపెట్టారు. జరిగింది వేరు. కాలవలో నీళ్ళు గట్లు తెగేట్టు నిండినప్పుడు లాకులు ఎత్తితే ఎట్టా దిగుతాయో, నా తలలో బరువు అట్టా దిగింది. అప్పటిదాకా రెండుగా ఉన్న లోకం కాసేపు ఒకటైంది. నా తలకాయకి వెన్ను చివర లాకులుంటాయని నాకేం తెలుసు. నలభై ఏళ్ళు నా ఒంట్లోనే కాపరమున్నాను, ఇల్లు మొత్తం ఒకసారైనా తిరిగి చూడలేదు.

మర్నాడు ఒక కుర్ర డాక్టరు వచ్చి నాగమణిని కాసేపు బయట ఉండమన్నాడు. నాగమణి వెళ్ళాక, ఊళ్ళు తిరిగే వ్యాపారం కదా, ఎక్కడెక్కడ పడుకుంటారు, ఎవరితో పడుకుంటారు అని అడిగాడు. "దోమలతో అండి" అన్నాను. ఆయన నవ్వలేదు. ఇట్టాంటి జబ్బు ఎక్కువగా ఎయిడ్సు ఉన్నవాళ్ళకి వస్తుందని, రక్తం పరీక్షకి పంపుతున్నామని చెప్పాడు. ఆ రోజుల్లో ఆ మాట వార్డులో పడితే చాలు, మంచానికీ మంచానికీ మధ్య జాగా పెరిగేది. గోడలు వింటాయంటారు గాని మా వార్డులో గోడలు చెప్పేవి కూడా. సాయంత్రానికి అత్తయ్య క్యారియరు తెచ్చి, స్టూలు మీద పెట్టి, కిటికీ దగ్గరే నిలబడిపోయింది.

ఫలితం రావడానికి రెండు రోజులు. ఆ రెండు రోజులూ నాగమణి నాతో మాట్లాడలేదు. నీళ్ళు తాగించింది, వాంతి గిన్నె పట్టింది, తల దువ్వింది, అన్నీ చేసింది. మాట మాత్రం లేదు. నేనెప్పుడూ ఆవిణ్ణి మోసం చెయ్యలేదు. కానీ అది చెప్పడానికి నోరు తెరిస్తే, ఇరవై ఏళ్ళుగా ప్రతి మాటా వేళాకోళంగా చెప్పినవాడి నోటికి నిజం ఎట్టా చెప్పాలో తెలియలేదు. జబ్బు పెట్టిన బాధల్లో అదే పెద్దది.

మూడో రోజు రక్తంలో ఆ జబ్బు లేదని కాయితం వచ్చింది. నాగమణి దాన్ని కిటికీ దగ్గర నిలబడి రెండుసార్లు చదివి, మడిచి, జాకెట్లో పెట్టుకుని, నా పక్కన కూర్చుంది.

"ఉన్నా ఇక్కడే ఉండేదాన్ని" అంది. "కాకపోతే రోజూ తిట్టేదాన్ని."

"లేదుగా, మరిప్పుడు?"

"ఇప్పుడు మీరు బాగుపడ్డాక తిడతాను."

ఆ సాయంత్రం డాక్టరమ్మ వచ్చి మంచం మీద కూర్చుని, నా వెన్ను నీళ్ళలో బూజు ఉందని చెప్పింది. మా ఇంట్లో కూడా ఉందండీ, పండగకి పండగకి దులుపుతాం అన్నాను. ఆవిడ మాత్రం నవ్వి, అయితే ఇది చెట్లలో ఉండే బూజు, మీరేం పని చేస్తారు అంది. చెప్పాను. తొర్రల సంగతి, కేక సంగతి, పొడి వాసన చూడ్డం, మూడు తట్టలు తియ్యడం, అన్నీ. చెబుతుంటే ఆవిడ మొహం మారిపోతూ వచ్చింది. చివరికి, "తల లోపల పెట్టి, గుండెల నిండా పీల్చి?" అని మళ్ళీ అడిగింది. నేను మంచం మీదే చేసి చూపించాను. ఆవిడ తలకి చెయ్యి పెట్టుకుంది.

తర్వాత ఆవిడ చెప్పింది ఇది. ఆ బూజుకి మనుషులతో పని లేదట. పుచ్చిన మానులో, తొర్ర గోడల మీద, ఆ పొడిలో దాని కాపరం. మనిషి పుట్టకముందు నుంచీ ఉందేమో కూడా. ఎవరి జోలికీ రాదు. పొడి లేచినప్పుడు గాలితో పాటు మన ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. చాలామందిలో అక్కడే చస్తుంది. కొందరిలో నెలల తరబడి ఊరుకుని, ఎప్పుడో లేచి మెదడు చుట్టూ చేరుతుంది. అంటే నేను దాని ఇంట్లో తల పెట్టాను, అది నా తలలో ఇల్లు పెట్టింది. లోపల చీకటి, తడి, చుట్టూ గట్టి గోడ. పాపం, ఇది కూడా ఇంకో తొర్రే అనుకుని ఉంటుంది. ఆరో తరగతి దాటని తలకాయ, ఖాళీ చాలా ఉంటుంది మరి.

మందు సీసాకి నల్ల కాయితం చుట్టి వేలాడదీసేవాళ్ళు. దానికి వెలుతురు పడదట. నాకూ పడదు, ఇద్దరికీ జత కుదిరింది అనుకున్నాను. ఎక్కించిన గంటకి చలి పుట్టేది. చలంటే మన మాఘమాసం చలి కాదు, ఎముకలు ఒకదానికొకటి తగిలి చప్పుడయ్యే చలి. మంచం నడిచేది. పక్క మంచం సాంబయ్య గారిది ముదినేపల్లి, చేపల చెరువులు. కాలి పుండుతో వచ్చారు. ఆయన కుంటుకుంటూ వచ్చి నా పాదాలు తన రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దేవారు. రక్తం పరీక్ష కాయితం రాకముందు నుంచే రుద్దారు. ఈ మాట మర్చిపోతే నా చేతులు పడిపోతాయి.

"మీ చెరువులో చేపనేనా నేను, అట్టా పట్టుకున్నారు" అంటే, "చేపైతే ఈపాటికి లారీ ఎక్కించేవాణ్ణి, నీకు గిరాకీ లేదురా అబ్బాయ్" అనేవారు.

ఆశ్వయుజంలో ఒకరోజు మళ్ళీ తలలో నీళ్ళు కట్టేశాయి. ఇక్కణ్ణుంచి నాకు తెలీదు, సాంబయ్య గారు చెప్పిందే. మధ్యాన్నం అన్నం వేళ నేను పలకడం మానేశానట. కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. డాక్టరమ్మ సూదితో మళ్ళీ నీళ్ళు తీసి, నాగమణిని పక్కకి పిలిచి, ఈ పూట గడవాలి, పిలుస్తూ ఉండండి, పలికితే మంచిది అందట. నాగమణి ఏవండీ, ఏవండీ అని పిలిచింది. పలకలేదు. ఇంటి దగ్గరున్న మా కూతురి పేరు చెప్పి పిలిచింది. పలకలేదు. తర్వాత లేచి, మంచానికి కుడి పక్కకి వచ్చి, వంగి, నా కుడి చెవికి నోరానించి, గుండెల నిండా గాలి పీల్చి, వార్డంతా తిరిగి చూసేట్టు కేకేసింది.

"ఓ మావయ్యా."

పెళ్ళయ్యాక ఆవిడ అంత గట్టిగా మాట్లాడ్డం ఎవరూ వినలేదు. సాంబయ్య గారు చెప్పడం, వార్డులో చెంచా చప్పుడు కూడా ఆగిపోయిందట. అందరూ నా మొహం చూస్తున్నారు. కాసేపటికి నా పెదాలు కదిలాయి. లోపల ఎక్కడో మొదట్లోంచి, చాలా ఆలస్యంగా, "...య్యా" అని వచ్చింది.

నాగమణి నిటారుగా నిలబడి, కన్నీళ్ళు తుడుచుకోకుండా, డాక్టరమ్మతో, "లోతుగా ఉన్నారండీ, కానీ ఉన్నారు" అందట. ఇరవై ఏళ్ళు నా విద్య కిందనుంచి చూసింది కదా. లోతు చెప్పడం వచ్చేసింది.

ఆ కుడి చెవి తర్వాత వినపడలేదు. ఈ జబ్బు కొందరికి చూపు తీసుకుంటుంది, కొందరికి చెవి. నాకు చెవితో సరిపెట్టింది. ఆ చెవి విన్న ఆఖరి మాట అదే అయ్యుంటుంది. నాకు గుర్తు లేదు, అదొక్కటే నా లోటు.

దీపావళికి ఆసుపత్రిలోనే ఉన్నాం. తల తేలికపడింది, వెలుతురు మళ్ళీ వెలుతురులా ఉంది. నేను డాక్టరమ్మని ఒకటే కోరాను. నా తలలో ఇన్నాళ్ళు అద్దె లేకుండా ఉన్నవాళ్ళని ఒకసారి చూపించమన్నాను. ఆవిడ చక్రాల కుర్చీలో నన్ను ల్యాబుకి పంపింది. అక్కడ ప్రసాదని ఒకాయన, నా వెన్ను నీటి చుక్కలో నల్ల సిరా చుక్క కలిపి, అద్దం కింద పెట్టి, చూడమన్నాడు.

ఒక కన్ను మూసి చూశాను. అంతా చీకటి. సిరా చీకటి. అందులో అక్కడొకటి, ఇక్కడొకటి, గుండ్రంగా వెలుగుతున్నాయి. ఒక్కోదాని చుట్టూ తెల్లటి వలయం. వానాకాలం చందమామ చుట్టూ వరదగుడి కడుతుంది చూడండి, అచ్చం అట్టా. సిరా ఆ వలయంలోకి పోలేక బయటే ఆగిపోతోంది. అదే దాని గోడట, ఆ గోడ వల్లనే మన ఒళ్ళు దాన్ని పట్టుకోలేకపోతుందట. మొదటిసారి తీసినప్పుడు ఆకాశం నిండా ఉన్నాయి, ఇప్పుడు తగ్గిపోయాయి అన్నాడు ప్రసాదు. చంపాలని వచ్చినవాటిని చూస్తే కోపం రావాలి. నాకు ఒళ్ళు జలదరించింది గాని అది కోపం కాదు. చిన్నప్పుడు మా అమ్మ ఆరుబయట మంచం మీద పడుకోబెట్టి చుక్కలు చూపించినప్పుడు ఎట్టా ఉండేదో, అట్టా ఉంది. ఇంత అందమైనది నా తలలో ఉందని ఎవరు నమ్ముతారు. నాగమణిని పిలిచి చూపించాను. అది చాలాసేపు చూసి, "వీటికి కూడా ఎవరో వీపు అడ్డం పెట్టినట్టుందండీ" అంది.

కార్తీకంలో ఇంటికి పంపారు, నెలల తరబడి మాత్రలు వేసుకోమని. పోయేముందు డాక్టరమ్మ, మీరు తల పెట్టిన చెట్లు చూపిస్తారా అని అడిగింది. తన దగ్గర చదువుకునే ఒకాయన్ని మాతో పంపింది. ఆయన మూతికి గుడ్డ కట్టుకుని, పొడుగు పుల్లకి చుట్టిన తడి దూదితో తొర్రల్లో తుడిచి సీసాల్లో వేసుకున్నాడు. నందివాడ చింత, తోట్లవల్లూరు నిద్రగన్నేరు, దివిసీమ నేరేడు. నేను గాలి వచ్చే వైపు, దూరంగా నిలబడి చూపించాను. ఆ తుడిచిన దూదిని వలిసె గింజలతో చేసిన ఆహారం మీద రుద్దుతారట. వేరే బూజులు దాని మీద తెల్లగానో పచ్చగానో పెరుగుతాయి, ఇది మాత్రం గోధుమ రంగు తిరుగుతుందట. వలిసె నూనె మనం కూరల్లో వాడతాం, అది వలిసె తిని తన గుట్టు చెప్పేస్తుంది.

నెల పోయాక పరీక్షకి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ ఒక గాజు బిళ్ళ చూపించింది. నేరేడు తొర్రది. దాని మీద కాఫీ రంగు చుక్కలు. మిగతా రెండిటిలో లేదు. నా జబ్బు ఆ చెట్టు నుంచే వచ్చిందా అని అడిగాను. ఆ జాతే, కానీ ఇరవై ఏళ్ళలో మీరు తల పెట్టని తొర్ర ఏది, ప్రమాణం చేసి చెప్పలేను అంది. ఆవిడ మీద గౌరవం అప్పుడే రెట్టింపైంది.

నాగమణి ఆ బిళ్ళనే చూస్తూ అడిగింది. "నేను తొమ్మిదేళ్ళ పిల్లని. తెల్లార్లూ ఆ పొడిలోనే ఉన్నాను, అదే పీల్చాను. నాకెందుకు రాలేదు డాక్టరు గారూ?"

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి పెట్టుకుంది. "తెలీదమ్మా" అంది. "నిజంగా తెలీదు."

అంత చదువుకున్న మనిషి నోట ఆ మాట విని నాకు ధైర్యం పోలేదు, ఎందుకో మరి ఊరట కలిగింది. నాకు తెలియనిది నా ఒక్కడికే తెలియనిది కాదన్నమాట.

ఇది చదివేవాళ్ళకి నేను చెప్పగలిగింది కొంచెమే. వారాల తరబడి తలనొప్పి తగ్గకుండా, వాంతులై, వెలుతురు పడకపోతే, శొంఠి పట్టుతో కూర్చోకండి. డాక్టరుకి నొప్పితో పాటు చేసే పని కూడా చెప్పండి. వెన్ను సూదికి భయపడకండి. ఇది మనిషి నుంచి మనిషికి అంటదు, రోగి పక్కన కూర్చోండి, పాదాలు రుద్దండి. చెట్టు నీడన కూర్చుంటే ఏమీ కాదు. పుచ్చు తొర్రల్లో మాత్రం గోకకండి, తల పెట్టకండి. కేకెయ్యాలనిపిస్తే మీ ఆవిడ మీద కేకేసుకోండి, అక్కడ వచ్చే జబ్బులు వేరు.

జ్యేష్ఠంలో, కాయలు నల్లబడే వేళ, మళ్ళీ దివిసీమ వెళ్ళాం. అత్తయ్య నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయి, చాలాసేపటికి గానీ బయటికి రాలేదు. తొర్ర ఖాళీ చెయ్యమన్నది తనే అని, కిటికీ దగ్గరే నిలబడిపోయింది తనే అని ఆవిడకి ఏడాదిగా నిద్ర లేదట. ముగ్గురం గట్టు మీదకి నడిచాం. చెట్టు నిండా కాయలు. పిట్టలు తిని రాల్చిన తొక్కులతో కింద నేలంతా ఊదా రంగు.

"కొట్టించెయ్యి నాయనా" అంది అత్తయ్య. "కూతుర్నిచ్చి అల్లుణ్ణి తీసుకుంటానంటే ఎట్టా. నాకొద్దు ఈ చెట్టు."

రేవులో వడ్రంగులు పడవ అడుగుకి నేరేడు దూలం కావాలని ఎన్నాళ్ళుగానో అడుగుతున్నారు. నీళ్ళలో ఎన్నేళ్ళున్నా చెడదు. ఇరవై ఏళ్ళ క్రితం నేను అడిగిన చెట్టే, ఇప్పుడు ఊరికే ఇస్తున్నారు. నాగమణి మాను మీద చెయ్యి వేసి నిలబడింది, వాళ్ళ నాన్న వీపు రాసుకున్న వైపు. నా మొహం వైపు చూడలేదు. చూస్తే నేను మొహమాటపడతానని.

"అత్తయ్యా" అన్నాను, "ఈ చెట్టు బేరానికి లేదండీ."

మావయ్య అప్పుడు నాతో అన్న మాటే అది. అంటున్నప్పుడు గుర్తు లేదు, నాగమణి తల తిప్పి చూసినప్పుడు గుర్తొచ్చింది.

నిచ్చెన వెయ్యలేదు. కింద మొదలు దగ్గరే, బెరడు పచ్చిగా, గట్టిగా ఉన్న చోట, నా ఎడమ చెవి ఆనించాను. గొడ్డలి తిరగేసి కొట్టమని నాగమణికి ఇచ్చాను. అది మెల్లగా, నిద్రపోయేవాళ్ళ తలుపు తట్టినట్టు తట్టింది. చప్పుడు మాను లోపల పైకి వెళ్ళి, ఎక్కడో ఖాళీలో తిరిగి, నెమ్మదిగా దిగి వచ్చింది. నోటిదాకా వచ్చిన కేకని మింగేశాను.

"ఏం వినిపించిందండీ?" అంది నాగమణి, నా మంచి చెవి వైపుకి వచ్చి.

"ఉన్నారు" అన్నాను. "ఇంట్లోనే ఉన్నారు."